కిడ్నీ రక్తహీనతకు వాడే ఈపీఓ ఇంజెక్షన్లు: తయారీ, తేడాలు – తరచుగా అడిగే ప్రశ్నలు

డయాలిసిస్‌లో పక్కపక్క మంచాల మీద ఉన్న ఇద్దరికి ఒకే సమస్యకు రెండు వేర్వేరు ఇంజెక్షన్లు రాస్తారు. ఒకరికి వారానికి మూడుసార్లు, ఇంకొకరికి నెలకు ఒకసారి. ఒకరి డబ్బా మీద 4,000 యూనిట్లు అని, ఇంకొకరి డబ్బా మీద 40 మైక్రోగ్రాములు అని ఉంటుంది. ఇక 'మీకేం రాశారు, మాకేం రాశారు' అని పోల్చుకోవడం మొదలవుతుంది. ఈ ప్రశ్నలన్నీ అలా పుట్టినవే. ఒక్క మాట ముందే చెప్పాలి: డోసు తేల్చాల్సింది మీ నెఫ్రాలజిస్టే. ఇది చదివి ఎవరూ సొంతంగా ఏదీ మార్చుకోకండి.

కిడ్నీ పాడైతే రక్తం ఎందుకు తగ్గుతుంది?

కిడ్నీ అంటే వడపోత యంత్రం అనే అనుకుంటాం. దాని పై పొరలో, సన్నని గొట్టాల మధ్య ఉండే కొన్ని కణాలకు ఇంకో డ్యూటీ కూడా ఉంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గిందా అని అవి ఎప్పుడూ కనిపెట్టి ఉంటాయి. తగ్గినట్టు అనిపించగానే ఎరిథ్రోపొయెటిన్ అనే హార్మోన్‌ను వదులుతాయి. దాన్నే పొట్టిగా ఈపీఓ అంటాం. అది రక్తంలో కలిసి ఎముక మజ్జకు చేరుతుంది. అక్కడ ఎర్ర రక్తకణాలుగా ఎదగాల్సిన పసికణాలు పెద్ద సంఖ్యలో తయారవుతుంటాయి కానీ, ఈపీఓ అందకపోతే చాలావరకు మధ్యలోనే చచ్చిపోతాయి. వాటిని బతికించి పెద్ద చేయడమే ఈపీఓ ముఖ్యమైన పని. కిడ్నీ దెబ్బతిన్నకొద్దీ ఆ కణాలు హార్మోన్‌ను చాలినంత ఇవ్వలేవు. కాలేయం కూడా కాస్త ఈపీఓ చేస్తుంది గానీ, ఆ లోటును పూడ్చలేదు.

దీనికి తోడు మరికొన్ని ఉన్నాయి. మామూలుగా 120 రోజులు బతికే ఎర్ర కణం కిడ్నీ రోగుల్లో ఇంకా ముందే పోతుంది. డయాలిసిస్ గొట్టాల్లో, పరీక్షల కోసం తీసే శాంపిళ్లలో కొద్దికొద్దిగా రక్తం పోతూనే ఉంటుంది. ఒంట్లో ఐరన్ ఉన్నా బయటికి రాకుండా హెప్సిడిన్ అనే ఇంకో హార్మోన్ తాళం వేసేస్తుంది.

ఆక్సిజన్ తగ్గిన సంగతి కణానికి ఎలా తెలుస్తుందో కనిపెట్టినందుకే విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ సంగతి చివర్లో మాత్రల దగ్గర మళ్లీ వస్తుంది.

హార్మోన్ అంటున్నారు, స్టెరాయిడ్ లాంటిదేనా?

కాదు. ఇది ప్రొటీన్. 165 అమైనో ఆమ్లాల గొలుసు, దానికి నాలుగు చోట్ల వేలాడే చక్కెర గుత్తులు. మింగితే మిగతా ప్రొటీన్లలాగే కడుపులో అరిగిపోతుంది, అందుకే సూది తప్పదు.

ఈ ఇంజెక్షన్ రాకముందు ఏం చేసేవారు?

రక్తం ఎక్కించేవారు, మళ్లీ మళ్లీ. దాంతో ఒంట్లో ఐరన్ పేరుకుపోయేది. ఇతరుల రక్తం ఎక్కేకొద్దీ దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టి, రేపు కిడ్నీ మార్పిడికి తగిన దాత దొరకడమే కష్టమయ్యేది.

ఇలాంటి హార్మోన్ ఒకటి ఉందని ఎప్పటినుంచో తెలుసు, కానీ చేతికి చిక్కేది కాదు. మజ్జ పని మానేసిన రక్తహీనత రోగుల మూత్రంలో అది ఎక్కువగా ఉంటుందని గమనించి, జపాన్‌లో తకాజీ మియాకే 2,550 లీటర్ల మూత్రం సేకరించారు. దాన్ని ఎండగట్టి, ఆ పొడిని షికాగోలో యూజీన్ గోల్డ్‌వాసర్ ప్రయోగశాలకు తీసుకెళ్లారు. అంత మూత్రం నుంచి 1977లో చివరికి మిగిలిన శుద్ధమైన హార్మోన్ కొన్ని మిల్లీగ్రాములే. రోగులకు మందుగా ఇవ్వడానికి అది ఏ మూలకూ చాలదు కానీ, గొలుసులోని అమైనో ఆమ్లాల వరుసను చదవడానికి పనికొచ్చింది. ఆ ఆధారం పట్టుకునే 1983లో ఫూ-క్వెన్ లిన్ బృందం ఈపీఓ జన్యువును విడదీసింది. 1987 నాటికి డయాలిసిస్ రోగుల్లో ఫలితాలు అచ్చయ్యాయి. 1989 జూన్‌లో అమెరికాలో మొదటి ఎపోయెటిన్ ఆల్ఫాకు అనుమతి వచ్చింది. ఫ్యాక్టరీలో చేసిన ఈపీఓకు పెట్టిన పేరే ఎపోయెటిన్.

ఫ్యాక్టరీలో దీన్ని ఎలా తయారుచేస్తారు?

రసాయనాలు కలిపి వండే మందు కాదిది. బతికున్న కణాల చేత చేయించుకోవాలి. ఆ కణాలు చైనీస్ హ్యామ్‌స్టర్ అనే చిట్టెలుక లాంటి జంతువు అండాశయం నుంచి 1957లో తీసిన వంశానివి. వీటినే చో కణాలంటారు. మనిషి ఈపీఓ జన్యువును వాటి డీఎన్ఏలో చేర్చి, లక్షణంగా పనిచేసే ఒక్క కణాన్ని ఎంచి, దాని సంతానాన్ని చిన్న చిన్న సీసాల్లో ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించి దాస్తారు. ఆ నిల్వే కణాల బ్యాంకు. ఏళ్ల తరబడి తయారయ్యే ప్రతి బ్యాచ్‌కూ మూలం ఆ సీసాలే. కంపెనీకి నిజమైన ఆస్తి అదే అంటాను నేను.

బ్యాచ్ మొదలయ్యేది బొటనవేలంత సీసాతో. గోరువెచ్చని నీళ్లలో తిప్పుతూ, లోపల చిన్న మంచు పలుకు మిగిలి ఉండగానే బయటికి తీస్తారు. అక్కడినుంచి చిన్న ఫ్లాస్కు, పెద్ద ఫ్లాస్కు, ఆ తర్వాత స్టీలు ట్యాంకు లాంటి బయోరియాక్టర్. లోపల 37 డిగ్రీల వేడి, సరిపడా ఆక్సిజన్, గ్లూకోజ్, ఆమ్లగుణం ఇటూ అటూ పోకుండా చూసే సెన్సర్లు. కణాలు పెరుగుతూ ఈపీఓను చుట్టూ ఉన్న ద్రవంలోకి వదులుతాయి. రోజులు గడిచాక ఆ ద్రవాన్ని తీసి కణాలను వేరుచేస్తారు.

శుద్ధి చేయడం ఇంకా పెద్ద తతంగం. ఆ ద్రవంలో చో కణాల సొంత ప్రొటీన్లు, డీఎన్ఏ ముక్కలు, ఇంకా ఏవేవో ఉంటాయి. ఒకదాని తర్వాత ఒకటిగా క్రొమటోగ్రఫీ కాలమ్‌ల గుండా, అంటే కావాల్సిన ప్రొటీన్‌ను మిగతా వాటినుంచి వేరుచేసే గొట్టాల గుండా దాన్ని పంపుతారు. జంతు కణాల్లో వైరస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి, దాన్ని చంపే దశ ఒకటి, అతిసూక్ష్మ ఫిల్టర్‌తో ఆపే దశ ఒకటి ఉండాల్సిందే. బయటివాళ్లకు వింతగా అనిపించే సంగతి ఇంకోటి ఉంది: చేతికొచ్చిన ఈపీఓలో కూడా కొంత భాగాన్ని కావాలనే పారబోస్తారు. గొలుసు సరిగ్గానే ఉన్నా, చక్కెర గుత్తులు అసంపూర్తిగా ఉన్నవి ఒంట్లో నిలవవు. పూర్తిగా అల్లుకున్నవే కాలమ్‌లో పట్టుకుని ఉంచుకోవాలి.

ఇక చివర్లో సిరంజిలు నింపడం. 4,000 యూనిట్ల సిరంజిలో అసలు మందు దాదాపు 34 మైక్రోగ్రాములు మాత్రమే, కంటికి కనిపించనంత తక్కువ. అంత కొద్ది ప్రొటీన్ గాజు గోడకు అంటుకుపోయినా డోసు తగ్గిపోతుంది. అందుకే పాలీసార్బేట్ లాంటి స్థిరీకరణ పదార్థం కలుపుతారు. పూర్వం దీనికి మనిషి రక్తం నుంచి తీసిన ఆల్బుమిన్ వాడేవారు.

ఇన్సులిన్‌ను బ్యాక్టీరియాలో చేస్తున్నారు కదా, దీన్ని ఎందుకు చేయరు?

ఇన్సులిన్‌కు చక్కెర గుత్తులు లేవు. ఈపీఓ బరువులో దాదాపు 40% చక్కెరలే, వాటిని అల్లడం ఈ-కోలై బ్యాక్టీరియాకు చేతకాదు. గొలుసు మాత్రమే చేసి ఇస్తుంది. ఆ ఉత్త గొలుసును ప్రయోగశాల పాత్రలో మజ్జ కణాల మీద వేస్తే పనిచేస్తుంది కూడా! ఒంట్లోకి ఎక్కిస్తే మాత్రం చూస్తుండగానే మాయమైపోతుంది. చక్కెర గుత్తుల కొసన సియాలిక్ ఆమ్లం అనే టోపీ ఉండాలి. టోపీ లేని ప్రొటీన్‌ను కాలేయం వెంటనే పట్టి లాగేస్తుంది.

నన్నడిగితే ఈ పేజీ మొత్తంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఈ చక్కెర సంగతే. ఈ ఇంజెక్షన్ల మధ్య తేడాలు దాదాపు అన్నీ అక్కడే పుడతాయి.

ఆల్ఫా, బీటా, తీటా, జీటా... ఇవన్నీ ఏంటి? వీటికీ డార్బెపోయెటిన్‌కూ తేడా ఏంటి?

'ఎపోయెటిన్' అని ఉన్న వాటన్నిటిలో అమైనో ఆమ్లాల గొలుసు ఒకటే, మన ఒంట్లో ఉండేదే. వెనక ఉన్న గ్రీకు అక్షరం చక్కెరల అమరిక వేరని చెబుతుంది. ఆల్ఫా, బీటా, తీటా, జీటా చో కణాల్లో తయారైనవే. ఒమేగాను వేరే జాతి హ్యామ్‌స్టర్ కిడ్నీ కణాల్లో చేశారు. డెల్టాను ఏకంగా మనిషి కణాల్లో చేశారు గానీ, అది మార్కెట్లో నిలవలేదు. రోగి కోణం నుంచి చూస్తే ఆల్ఫాకూ బీటాకూ పెద్ద తేడా ఏమీ కనిపించదు. రెండూ నరంలోకి ఇస్తే కొన్ని గంటల్లోనే సగానికి తగ్గిపోతాయి కాబట్టి, సాధారణంగా వారానికి రెండు మూడు సార్లు ఇవ్వాలి.

డార్బెపోయెటిన్ కథ వేరు. చక్కెర ఎక్కువైతే మందు ఎక్కువసేపు నిలుస్తుందని తెలిశాక, చక్కెర తగిలించుకునే కొక్కేలు ఇంకో రెండు పెడితే పోలా అనుకున్నారు. అందుకోసం గొలుసులో ఐదు అమైనో ఆమ్లాలు మార్చారు. మామూలు ఈపీఓలో గరిష్ఠంగా 14 సియాలిక్ ఆమ్లాలు ఉంటే, ఇందులో 22 దాకా పడతాయి. గమ్మత్తేమిటంటే, చక్కెర బరువు పెరగడం వల్ల ఇది మజ్జ కణాల మీది గ్రాహకానికి ఇంతకుముందంత గట్టిగా అతుక్కోదు. అయినా మూడు రెట్లు ఎక్కువసేపు రక్తంలో ఉంటుంది కాబట్టి మొత్తం మీద లాభమే. అలా వారానికో, రెండు వారాలకో ఒక సూది సరిపోయే మందు తయారైంది. అమెరికా, యూరప్‌లలో 2001లో అనుమతి వచ్చింది.

నెలకు ఒకటి అనే ఇంజెక్షన్ మిథాక్సీ పాలీఇథిలిన్ గ్లైకాల్-ఎపోయెటిన్ బీటా. పేరు చాంతాడంత ఉన్నా ఉపాయం చిన్నదే. ఎపోయెటిన్ బీటాకు ఒక పొడవాటి పాలిమర్ తోక తగిలించారు. దాంతో అణువు బరువు దాదాపు రెట్టింపై, సగానికి తగ్గడానికి 130 గంటల పైన పడుతుంది. యూరప్‌లో 2007లో వచ్చింది.

ఎక్కువసేపు ఉండేదే మంచిదా అంటే, సూదులు తగ్గుతాయి, అంతవరకే. హిమోగ్లోబిన్ మరీ ఎక్కువగా పెరిగిపోతే వెనక్కి తీసుకోవడం తక్కువసేపు ఉండే మందుతో తేలిక, ఎక్కువసేపు ఉండే మందుతో కష్టం.

ఒకటి యూనిట్లలో, ఇంకోటి మైక్రోగ్రాముల్లో ఎందుకు?

చరిత్ర వల్ల. తూకం వేయడానికి శుద్ధమైన హార్మోనే లేని రోజుల్లో అది ఎంత పని చేసిందన్నదే కొలత. ఎలుకలో 5 మైక్రోమోల్ కోబాల్ట్ రక్తోత్పత్తిని ఎంత పెంచుతుందో అంత ప్రభావాన్ని ఒక యూనిట్ అన్నారు. ఎపోయెటిన్లకు ఆ అలవాటే మిగిలింది. తర్వాత వచ్చిన డార్బెపోయెటిన్‌ను నేరుగా తూకంలో చెబుతారు. ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చేటప్పుడు 200 యూనిట్లకు 1 మైక్రోగ్రామ్ అనే లెక్కతో మొదలుపెట్టడం వాడుక. అంటే వారం మొత్తానికి 12,000 యూనిట్లు తీసుకునేవారికి 60 మైక్రోగ్రాములు. ఇది ఆరంభానికి పనికొచ్చే అంచనా మాత్రమే, తర్వాత హిమోగ్లోబిన్ చూసి సర్దుకోవాలి.

బయోసిమిలర్ అంటే జెనెరిక్కేనా?

జ్వరం మాత్రకు జెనెరిక్ అంటే అణువుకు అణువు అచ్చు అదే. ఈపీఓ విషయంలో అలా కుదరదు. ఇంకో కంపెనీ అదే జన్యువుతో మొదలుపెట్టినా దాని కణాల బ్యాంకు వేరు, ట్యాంకు వేరు, కాలమ్‌లు వేరు. చక్కెరల అల్లిక కొద్దిగానైనా మారుతుంది. అందుకే 'అదే' అనకుండా 'దానిలాంటిదే' అంటారు.

ఆ మాటకొస్తే ఒరిజినల్ బ్రాండులో కూడా ఏ రెండు బ్యాచ్‌లూ అచ్చు గుద్దినట్టు ఉండవు. ఒకే సిరంజిలో కూడా చక్కెరలు కాస్త ఎక్కువ, కాస్త తక్కువ ఉన్న ఈపీఓ రూపాలు కలిసే ఉంటాయి. విద్యుత్ ఆవేశాన్ని బట్టి వాటిని జెల్ మీద విడదీస్తే నిచ్చెన మెట్లలా అడ్డగీతలు పడతాయి. ఫ్యాక్టరీలో తయారైన ఈపీఓ గీతలు ఒక చోట, మన ఒంట్లో పుట్టిన దాని గీతలు ఇంకో చోట కనబడతాయి. క్రీడాకారులు దొంగచాటుగా ఈపీఓ వేసుకుంటే మూత్ర పరీక్షలో దొరికిపోయేది ఈ తేడాతోనే, 2000 సిడ్నీ ఒలింపిక్స్ నుంచి వాడిన పద్ధతి అది.

బయోసిమిలర్‌కు అనుమతి ఇచ్చేముందు ఆ గీతల దగ్గర్నుంచి, మందు రక్తంలో ఎంతసేపు ఉంటోంది, రోగుల్లో హిమోగ్లోబిన్‌ను అంతే నిలబెడుతోందా, యాంటీబాడీలు పుడుతున్నాయా అన్నదాకా ఒరిజినల్‌తో పోల్చి చూపించాలి. యూరప్‌లో మొదటి ఈపీఓ బయోసిమిలర్లు 2007లో వచ్చాయి, అమెరికాలో 2018లో. పేర్లలో ఒక తిరకాసు ఉంది: యూరప్‌లో ఎపోయెటిన్ జీటా అన్నది ఎపోయెటిన్ ఆల్ఫాకు బయోసిమిలరే. అక్షరం వేరు కదా అని వేరే రకం మందు అనుకోకండి.

తయారీలో చిన్న మార్పు నిజంగా అంత ప్రమాదమా?

ఒకసారి అయింది. యూరప్‌లో బాగా వాడుకలో ఉన్న ఒక ఎపోయెటిన్ ఆల్ఫాలో 1998లో ఆల్బుమిన్ తీసేసి, బదులుగా పాలీసార్బేట్ 80 కలిపారు. మనిషి రక్తం నుంచి తీసిన పదార్థం వద్దన్నది మంచి ఉద్దేశమే. ప్రొటీన్‌ను మాత్రం ముట్టుకోలేదు. ఆ తర్వాతి ఏళ్లలో, చర్మం కింద ఇంజెక్షన్ తీసుకుంటున్న కిడ్నీ రోగుల్లో కొందరికి హిమోగ్లోబిన్ ఉన్నట్టుండి పడిపోవడం మొదలైంది. డోసు పెంచినా లాభం లేదు. వాళ్ల ఒళ్లు ఈపీఓ మీదే యాంటీబాడీలు చేసుకుంది. అవి మందునే కాదు, ఒంట్లో మిగిలిన కాస్త సొంత ఈపీఓను కూడా అడ్డుకున్నాయి. మజ్జలో ఎర్ర కణాల ఉత్పత్తి ఆగిపోయింది. దీన్ని ప్యూర్ రెడ్ సెల్ అప్లేజియా అంటారు.

కారణం ఇదీ అని ఒక్కటే చెప్పలేం. సిరంజి రబ్బరు బిరడా నుంచి ఏవో పదార్థాలు ఊరి మందులో కలిశాయనీ, నిల్వలో వేడి తగిలి ప్రొటీన్ ముద్దకట్టిందనీ వాదనలున్నాయి. బిరడాలకు పూత వేశారు, నిల్వ నియమాలు బిగించారు, కిడ్నీ రోగులకు ఆ మందును నరంలోకే ఇవ్వాలని 2002 చివర్లో యూరప్‌లో ఆంక్ష పెట్టారు. కేసులు బాగా తగ్గిపోయాయి. ఆ తర్వాత ఇంకో ఈపీఓ మందు పరీక్షల్లో ఇద్దరికి ఇలాగే యాంటీబాడీలు వస్తే, ఆరా తీయగా గాజు సిరంజికి సూది రంధ్రం చేసే టంగ్‌స్టన్ పిన్ను నుంచి రాలిన అవశేషం మీదికి అనుమానం వెళ్లింది.

ఇది చాలా అరుదు, భయపెట్టడానికి చెప్పడం లేదు. కానీ బాగా పనిచేస్తున్న ఇంజెక్షన్ హఠాత్తుగా పనిచేయడం మానేసి, రెటిక్యులోసైట్ కౌంట్ (కొత్తగా పుట్టిన ఎర్ర కణాల లెక్క) కూడా దాదాపు అడుగంటితే డాక్టర్లు దీన్నే అనుమానిస్తారు. అప్పుడు బ్రాండు మార్చి చూద్దాం అనడం తప్పు. ఆ యాంటీబాడీలు ఏ ఈపీఓనైనా పట్టుకుంటాయి, అందుకే అన్నీ ఆపేయాలి.

నా బ్రాండు మార్చారు. టెన్షన్ పడాలా?

అక్కర్లేదు. అనుమతి పొందిన మందైతే చాలామందికి ఏ తేడా తెలియదు. అయితే రెండు పనులు చేయండి. ఎప్పుడు మారిందో, కొత్త దాని బ్రాండు పేరు, బ్యాచ్ నంబరు ఏమిటో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. మారాక కొన్ని వారాలు హిమోగ్లోబిన్ పరీక్ష తప్పించకండి. నెలకో బ్రాండు చొప్పున ఏది దొరికితే అది వేసుకోవడం మాత్రం నాకు నచ్చదు. రేపు ఏదైనా తేడా వస్తే దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

హిమోగ్లోబిన్ 14 దాకా తెచ్చుకుంటే ఇంకా హుషారుగా ఉండొచ్చు కదా?

డాక్టర్లూ ఒకప్పుడు అలాగే అనుకున్నారు. 2006లో వచ్చిన ఒక పెద్ద పరీక్షలో 13.5 లక్ష్యంగా పెట్టుకున్నవారికి, 11.3 లక్ష్యం ఉన్నవారికంటే గుండె సమస్యలు, మరణాలు ఎక్కువయ్యాయి. 2009లో మధుమేహం, కిడ్నీ జబ్బు రెండూ ఉన్న 4,038 మందిని పరిశీలించారు. డార్బెపోయెటిన్‌తో 13 దాకా పెంచబోయిన గుంపులో 101 మందికి పక్షవాతం వచ్చింది, ఉత్తుత్తి సూది గుంపులో 53 మందికి. అప్పటినుంచి ఈ మందులతో మామూలుగా 11.5 దాటించవద్దని, కావాలని 13 పైకి అసలే తీసుకెళ్లవద్దని చెబుతున్నారు. పెరుగుదల కూడా నిదానంగా ఉండాలి. రెండు వారాల్లో 1 గ్రాము కంటే ఎక్కువ పెరిగితే డోసు తగ్గిస్తారు. బీపీ పెరగడం ఈ మందుతో తరచూ కనిపించే ఇబ్బంది, దాన్ని ఇంట్లో చూసుకుంటూ ఉండాలి.

ఇంజెక్షన్ వేసుకుంటున్నా పెరగడం లేదు. మందు నకిలీదా?

ముందు ఐరన్ సంగతి చూడండి. ఈపీఓ మజ్జలో పనివాళ్లను నిలబెడుతుంది, ఇటుకలు మాత్రం ఐరన్‌వే. ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో వాడకానికి అందుబాటులో ఉన్న ఐరన్) అనే రెండు పరీక్షలు ఆ లెక్క చెబుతాయి. ఫెర్రిటిన్ బాగానే ఉండి రెండోది తక్కువగా ఉంటే, గోదాంలో సరుకున్నా తాళం పడిందని అర్థం. ఇన్ఫెక్షన్, డయాలిసిస్ చాలకపోవడం, బీ12 లోపం, ఎక్కడో రక్తం పోవడం, పారాథైరాయిడ్ హార్మోన్ మరీ పెరగడం కూడా కారణాలే. ఇవేవీ వెతకకుండా డోసు మీద డోసు పెంచుకుంటూ పోవడం మంచిది కాదు. ఇంకో సంగతి, మొదటి సూది వేసిన వారానికే ఫలితం చూడకండి. పసికణం పెరిగి రక్తంలోకి రావాలి, రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది.

నరంలోకా, చర్మం కిందకా?

హీమోడయాలిసిస్ చేయించుకునేవారికి ఎలాగూ లైన్ ఉంటుంది కాబట్టి నరంలోకి ఇస్తారు. మిగతావారికి చర్మం కింద. ఎపోయెటిన్‌ను చర్మం కింద ఇస్తే మెల్లగా ఊరి ఎక్కువసేపు నిలుస్తుంది, కొంత తక్కువ డోసుతో సరిపోతుంది.

మాత్రలు వచ్చాయంటున్నారు?

వచ్చాయి. రోక్సాడస్టాట్, డాప్రోడస్టాట్, వాడాడస్టాట్, డెసిడస్టాట్ అలాంటివే. ఇవి బయోటెక్ మందులు కావు, మామూలు రసాయన అణువులు. ఆక్సిజన్ తగ్గిందని కణం భ్రమపడేలా చేసి, ఒంటి చేతనే ఈపీఓ చేయిస్తాయి. నోబెల్ వచ్చిన ఆ పరిశోధన నుంచి పుట్టినవే ఇవి. సూది బాధ లేదు, ఫ్రిజ్ అక్కర్లేదు. రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రం వీటితోనూ ఉంది, ఎవరికి పడితే వారికి రాయరు.

ఫ్రిజ్‌లో ఎలా పెట్టాలి? గడ్డకడితే కరిగించి వాడొచ్చా?

2 నుంచి 8 డిగ్రీల మధ్య, డబ్బాలోనే, వెలుతురు తగలకుండా. ఫ్రీజర్‌కు ఆనుకుని పెట్టకండి. వేసుకునేముందు ఊపకండి, ఊపితే ప్రొటీన్ ముద్దకడుతుంది. గడ్డకట్టిన సిరంజి కరిగాక చూడ్డానికి నీళ్లలా తేటగానే ఉంటుంది, కానీ లోపల ప్రొటీన్ దెబ్బతిని ఉండొచ్చు. దాన్ని పక్కన పడేసి, ఇంకోటి తీసుకోండి.